పొలంలోని వర్క్‌షాపుకు కరెంటు లైనా, సోలారా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. మా మేనమామగారి చేలో రేకుల షెడ్డు వేసుకుని ట్రాక్టర్ ట్రక్కులు, గొర్రులు, రోటావేటర్లు బాగుచేసే వెల్డింగ్ పని చేస్తున్నాను. ఇన్నాళ్లూ అద్దె జనరేటరుతో నెట్టుకొచ్చాను. కరెంటు లైను రోడ్డు మీద, షెడ్డుకు 700 మీటర్ల దూరంలో ఉంది. స్తంభాలు, తీగ, 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కలిపి 4,60,000 రూపాయలు అవుతుందని అంచనా ఇచ్చారు. సోలార్ డీలరు మాత్రం 5 కిలోవాట్ల పలకలు, 5 కేవీఏ ఇన్వర్టరు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు ఎనిమిది కలిపి 4,10,000కు పెడతానని, అందులో 78,000 సబ్సిడీగా తిరిగి వస్తుందని, పాతికేళ్లు కరెంటు బిల్లే ఉండదని అంటున్నారు. చేలో బోరు మోటారుకు ఉచిత కనెక్షన్ ఉంది కదా, అందులోంచి తీసుకోమని కొందరి సలహా. స్థలం విషయంలో ఏడెనిమిదేళ్లు అభ్యంతరం లేదని మామయ్య మాట ఇచ్చారు కానీ కాగితం రాసుకోలేదు. బ్యాంకులో 4,00,000 డిపాజిట్ ఉంది. ఏది ఎంచుకోమంటారు?

జవాబు: ముందుగా ఆ మూడో సలహాను పక్కన పెట్టండి. వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటలు ఇచ్చే ఉచిత విద్యుత్తును వెల్డింగుకు వాడటం 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ ప్రకారం అనధికార వినియోగం కిందికి వస్తుంది. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే గడచిన పన్నెండు నెలలకూ లెక్కగట్టి, వర్తించే ధరకు రెట్టింపు వసూలు చేస్తారు. కింద వేసిన లెక్కల ప్రకారం అది మీ విషయంలో 75 వేలు దాటుతుంది. పైగా ఆ కనెక్షన్ మేనమామగారి పేరున ఉంది కాబట్టి, నోటీసు మీకు కాక ఆయనకు వస్తుంది.

డీలరు చెప్పిన 78,000 కూడా మీకు రాదు. అది 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు, అంతకు మించిన వాటికి ఇచ్చే మొత్తం. ఆ పథకం ఇళ్ల కప్పుల మీద పెట్టి డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) లైనుకు కలిపే సోలారు కోసం ఉద్దేశించినది. లైనే లేని వర్క్‌షాపుకు అందులో చోటు లేదు. పీఎం కుసుమ్ కింద ఇచ్చే సాయం రైతుల పంపుసెట్లకు సంబంధించినది. కాబట్టి 4,10,000 అంటే మీకు పూర్తిగా 4,10,000 అనే లెక్కలోకి దిగుదాం.

మీరు రోజుకు ఎంత కరెంటు వాడతారన్నది ఈ లెక్కకు పునాది. నాలుగు కిలోవాట్లు లాగే ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను రోజుకు రెండు గంటలు నిజంగా ఆర్కు మీద (అతుకు వేస్తూ) ఉంటే 8 యూనిట్లు, కటింగ్ మిషను, గ్రైండర్, కంప్రెసర్ కలిపి మూడు, మూడున్నర యూనిట్లు, లైట్లు, ఫ్యాన్లు మరో రెండు యూనిట్ల లోపు, అంతా కలిపి 13 యూనిట్లు అనుకుంటున్నాను. నెలకు 26 పనిరోజులైతే ఏడాదికి సుమారు 4,050 యూనిట్లు. మీ పని ఇంతకు బాగా ఎక్కువో తక్కువో అయితే కింది అంకెలన్నీ ఆ మేరకు మారతాయి. ఒక వారం పాటు ఏ మిషను ఎన్ని నిమిషాలు నడిచిందో గోడ మీద సుద్దతో రాసుకున్నా చాలు, మీ అసలు అంకె తెలుస్తుంది.

లైను తెచ్చుకుంటే యూనిట్ చార్జీ, కిలోవాట్ల చొప్పున పడే స్థిర చార్జీ, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు అన్నీ కలిసి నెలకు 3,200 వస్తాయని అనుకుందాం. మిమ్మల్ని వాణిజ్య కేటగిరీలో పెడితే ఇంకా ఎక్కువవుతుంది కాబట్టి, ఏ కేటగిరీ వర్తిస్తుందో డీడీ కట్టే ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. పదేళ్లకు బిల్లులు 3,84,000, లైను ఖర్చు 4,60,000, మొత్తం 8,44,000. యూనిట్ ధర దాదాపు 21 రూపాయలు పడుతుంది. చిన్న జనరేటరు లీటరు డీజిలుకు మూడు యూనిట్లకు మించి ఇవ్వదు, అంటే డీజిలుకే యూనిట్‌కు 33 రూపాయల దాకా పెడుతున్నారు. దానితో పోలిస్తే లైను ఎంతో నయం. అయితే సోలారు సంగతి కూడా చూడాలి.

డీలరు ఇచ్చిన ధరల పత్రంలో పలకలు సరిపోతాయి. మన ప్రాంతంలో ఒక కిలోవాటు పలకలు ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి కాబట్టి 5 కిలోవాట్లకు 20 యూనిట్లు వస్తాయి. లోపమంతా ఇన్వర్టరులో ఉంది. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. వెల్డింగ్ నడుస్తుండగా కంప్రెసర్ మొదలైందంటే 5 కేవీఏ ఇన్వర్టరు ఆగిపోతుంది. మీకు 10 కేవీఏది కావాలి, అందుకు మరో 60,000 కలుపుకోండి. ఇక పాతికేళ్ల మాట పలకలకు నిజమే కానీ బ్యాటరీలకు కాదు. ట్యూబులర్ బ్యాటరీలు నాలుగైదేళ్లకు మించి రావు. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఒక మోటు లెక్క ఉంది. మే నెలలో రేకుల షెడ్డు లోపల ఎలా ఉంటుందో రెంటచింతల ఎండలు ఎరిగిన జిల్లావాళ్లకు నేను చెప్పనక్కరలేదు. బ్యాటరీలకు గాలి ఆడే ఇటుక గది, కనీసం పైన తాటాకు పందిరి ఉండాలి. నా ఖాతాదారు ఒకరు వాటిని దక్షిణపు రేకు గోడకు ఆనించి పెట్టి మూడో వేసవికే సెట్టంతా మార్చుకున్నారు.

అన్నీ కలిపితే సోలారు వైపు ఇలా తేలుతుంది. మొదట 4,70,000, మబ్బు రోజులకు సొంత చిన్న జనరేటరు 50,000, అయిదో ఏట పాత బ్యాటరీల తుక్కు ధర పోను కొత్త సెట్టుకు 1,00,000, ఏడో ఏట ఇన్వర్టరు మరమ్మతుకు 40,000, ఏడాదికి పదిహేను రోజుల డీజిలు 6,600 చొప్పున పదేళ్లకు 66,000. మొత్తం 7,26,000, యూనిట్‌కు సుమారు 18 రూపాయలు. పైకి చూస్తే సోలారు 1,18,000 మిగులుస్తోంది. కానీ బిల్లులు పదేళ్ల మీద నెమ్మదిగా కట్టేవి, సోలారు డబ్బు మాత్రం ఈరోజే చేతి నుంచి పోయేది. మీకు అప్పు పుట్టే 11 శాతం వడ్డీతో రెండింటినీ ఈనాటి విలువకు తెస్తే, అంటే ముందు ముందు కట్టే రూపాయిని వడ్డీ మేరకు తగ్గించి లెక్కిస్తే, లైను 6,86,000, సోలారు 6,37,000 అవుతాయి. తేడా 49 వేల రూపాయలే. పదేళ్ల కాలానికి, ఇన్ని ఊహల మీద నిలిచిన లెక్కలో, ఇది తేడా అనిపించుకోదు. కరెంటు చార్జీలు పెరిగితే సోలారు వైపు, బ్యాటరీలు ఏడాది ముందే పోతే లైను వైపు మొగ్గుతుంది.

కాబట్టి యూనిట్ ధర దగ్గర ఈ ప్రశ్న తేలదు. పెట్టిన డబ్బు చివరికి ఎవరి దగ్గర ఉంటుందన్న చోట తేలుతుంది. స్తంభాలకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు డబ్బు మీరు కట్టినా అవి డిస్కం ఆస్తి అవుతాయి. ఆ లైను నుంచి రేపు పక్కచేను వాళ్లకు కనెక్షన్ ఇస్తే మీరు కాదనలేరు. మీరు షెడ్డు ఎత్తేస్తే అందులో ఒక్క రూపాయి కూడా వెనక్కు రాదు. పలకలు, ఇన్వర్టరు బోల్టులు విప్పితే ట్రక్కులో ఎక్కుతాయి. మీకున్నది నోటిమాట. మేనమామగారి మంచితనం మీద నాకు సందేహం లేదు కానీ పొలం పంపకాలు ఆయన తర్వాతి తరం చేతిలో ఉంటాయి, ఈలోగా మంచి ధర వస్తే అమ్మకమూ జరగవచ్చు. పరాయి భూమిలో, కాగితం లేకుండా, కదలని ఆస్తి మీద 4,60,000 పెట్టడాన్ని నేను సమ్మతించను. మీరున్న స్థితిలో సోలారే నా సలహా. దానికైనా పదేళ్ల లీజు రాయించుకుని రిజిస్టరు చేయించండి. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చు ఇందులో లెక్కకు రానంత చిన్నది.

డబ్బు సర్దుబాటు విషయానికొస్తే, కావలసింది 5,20,000. డిపాజిట్ మొత్తం తీసేయకండి. అందులోంచి 2,20,000 వాడి, మిగిలిన 3,00,000కు టర్మ్ లోను తీసుకోండి. 11 శాతం వడ్డీకి అయిదేళ్లయితే నెలకు 6,523 కట్టాలి. చిన్న పరిశ్రమలకు చేసే ఉద్యమ్ నమోదు లేకపోతే ముందు అది చేయించుకోండి, ఉచితమే. ఈ లోనును చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణంగా తీసుకుంటే బ్యాంకు హామీ ఆస్తి అడగకూడదు. బంగారం కుదువపెట్టి ఇంత దీర్ఘకాలపు వస్తువు కొనడం మాత్రం వద్దు. ఏడాదికోసారి తిరగరాసుకునే అప్పు మీద పదేళ్ల ఆస్తి నిలబడదు. అయిదో ఏట బ్యాటరీలకు కావలసిన లక్ష కోసం పోస్టాఫీసు అయిదేళ్ల రికరింగ్ డిపాజిట్‌లో ఈ నెల నుంచే 1,400 వేయండి, 6.7 శాతం లెక్కన చివరకు 99,900 చేతికొస్తుంది. సోలారు పెట్టుకుని దెబ్బతిన్న వాళ్లలో ఎక్కువమంది పలకల వల్ల కాదు, బ్యాటరీలు పోయిన నెలలో చేతిలో డబ్బు లేక తిరిగి జనరేటరుకు వెళ్లినవాళ్లు.

పన్ను గురించి క్లుప్తంగా చెబుతాను. సోలారు పరికరాలకు ఆదాయపు పన్నులో 40 శాతం తరుగుదల (పరికరం అరిగినందుకు లాభంలోంచి తీసేయనిచ్చే మొత్తం) ఉంది, ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. అయితే మీరు పూర్తి లెక్కలు రాయకుండా అమ్మకాల మీద 6 లేదా 8 శాతం లాభం చూపే పద్ధతిలో రిటర్ను వేస్తుంటే ఆ తరుగుదలను విడిగా తీసుకోలేరు. అది చూపి డీలరు ధర పెంచితే లొంగవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలారు పలకల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మీ చేతిలోని ధరల పత్రం ఏ తేదీదో, ఏ రేటుతో వేశారో చూడండి.

కొనేటప్పుడు ఇన్వర్టరు హైబ్రిడ్ రకం (పలకలు, బ్యాటరీలు, లైను కరెంటు మూడింటితోనూ పనిచేసేది) తీసుకోండి. రేపు లైను వచ్చినా అది వృథా కాదు. పలకలను దక్షిణానికి, పదహారు డిగ్రీల వాలులో, గ్రైండింగ్ చేసే చోటికి దూరంగా పెట్టించండి. గ్రైండర్ నుంచి ఎగిరే ఇనుప రజను అద్దం మీద పడి తుప్పుపట్టి వదలదు. ఫిబ్రవరి నుంచి మిర్చి కల్లాల దుమ్ము ఉండనే ఉంటుంది, పదిరోజులకోసారి తెల్లవారుజామున నీళ్లతో కడగాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది మీ పక్కనున్న బాపట్ల దగ్గరే కాబట్టి, స్టాండును రేకుల మీద కాక నేలలో కాంక్రీటు వేసి నిలబెట్టమనండి. వెల్డింగు, కటింగు ఎండ ఉన్న పది నుంచి మూడు గంటల మధ్య పెట్టుకుంటే పలకల కరెంటు నేరుగా మిషనుకు వెళ్లి బ్యాటరీ మీద భారం తగ్గుతుంది. ఎనిమిది బ్యాటరీల్లో ఉన్నట్టు కనిపించే 14 యూనిట్లలో వాడుకోదగ్గది సగమేనన్నది మరవకండి.

నా సలహా మారే సందర్భాలు రెండున్నాయి. అదే దారిలో కోళ్లఫారం పెట్టేవాళ్లో, కోల్డ్ స్టోరేజీ కట్టేవాళ్లో కలిసి లైను ఖర్చులో సగం పంచుకుంటే మీ వాటా 2,30,000కు దిగుతుంది, అప్పుడు లైను ముందు సోలారు నిలవదు. రోడ్డు పక్కన, స్తంభానికి దగ్గరగా రెండు సెంట్లు అద్దెకు దొరికి, అక్కడున్న ట్రాన్స్‌ఫార్మర్‌లో మీ లోడుకు ఖాళీ ఉన్నా అంతే. డీలరుకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ రెండూ విచారించండి. త్వరలో లేత్ మిషను కొనే ఉద్దేశం ఉండి నాకు రాయకపోయి ఉంటే, పై లెక్కంతా పక్కన పెట్టి మళ్లీ రాయండి. అయిదు హార్స్‌పవర్ మూడు ఫేజుల మోటారును రోజంతా నడిపే పనికి ఈ సామగ్రి చాలదు.