ఆల్ వీల్ డ్రైవ్ బండి కొనబోయే ముందు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

సెకండ్ హ్యాండ్‌లో ఆల్ వీల్ డ్రైవ్ (అవసరమైతే నాలుగు చక్రాలూ లాగే) డీజిల్ బండి చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఇంజను, గేర్‌బాక్సు ఇంకో పదేళ్లు మన్నుతాయా అని నీ అనుమానమట. సరిగ్గా చూసుకుంటే మన్నుతాయి. అయితే ఇంజను గురించి అడిగినంత గట్టిగా బండి కింద, వెనక ఉండే చిన్న భాగాల గురించి కొనేవాళ్లు అడగరు. ఈ రకం బండ్లలో పెద్ద ఖర్చు ఎక్కువగా అక్కణ్నుంచే పుడుతుంది కాబట్టి ముందు వాటి సంగతే రాస్తున్నా.

కంపాస్, డస్టర్, టిగువాన్, టూసాన్, ఎక్స్‌యూవీ 700, గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్, వీటన్నిటిలో ఇంజను అడ్డంగా కూర్చుంటుంది. మామూలు రోడ్డు మీద ఎక్కువగా ముందు చక్రాలే లాగుతాయి. గేర్‌బాక్సుకు ఆనుకుని చిన్న గేర్ల పెట్టె ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని పీటీయూ అంటారు. గేర్‌బాక్సు నుంచి వచ్చే తిప్పుడును అది వెనక్కి మళ్లించి ప్రొపెల్లర్ షాఫ్టుకు అందిస్తుంది. షాఫ్టు చివర క్లచ్ ప్లేట్లున్న కప్లింగ్, దాని వెనక ఆ తిప్పుడును రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్. ముందు చక్రం జారగానే కంప్యూటర్ ఆ కప్లింగ్‌ను బిగిస్తుంది, వెనక చక్రాలూ తోయడం మొదలుపెడతాయి. థార్, స్కార్పియో-ఎన్ ఫోర్ బై ఫోర్ బండ్ల సంగతి వేరు. వాటిలో నాలుగు చక్రాలూ లాగే ఫోర్ హై మనమే వేసుకోవాలి, ఎండిన తారు రోడ్డు మీద తీసెయ్యాలి. ఈ ఉత్తరంలో వాటి జోలికి పోవడం లేదు.

పీటీయూలో పట్టే గేరాయిల్ చాలా బండ్లలో లీటరు కూడా ఉండదు. ఆ కాస్త నూనె హైవే మీద గంటల తరబడి గేర్ల మధ్య నలుగుతుంది. పైగా చాలా డీజిల్ బండ్లలో సైలెన్సర్ పైపు వేడి దానికి దగ్గరలోనే ఉంటుంది. మన ఎండలు, గచ్చిబౌలి ట్రాఫిక్కు కూడా తోడైతే నూనె నల్లగా మారి చిక్కబడుతుంది. ఆయిల్ సీలు గట్టిపడి చెమ్మ కారడం మొదలవుతుంది. ఉన్నదే లీటరు లోపు కనుక పావు లీటరు పోయినా బేరింగులకు నూనె చాలదు. అప్పుడు మొదలయ్యే ఊళ బండి వేగంతో పాటు పెరుగుతుంది. ఆ ఊళ వినిపించాక నూనె మార్చినా పెద్దగా ఫలితం ఉండదు, పీటీయూ మొత్తం దించాల్సిందే. ఖరీదైన బండ్లలో ఆ భాగం ఒక్కటే లక్ష దాటడం మామూలే. తెప్పించడానికి వారాలు పట్టొచ్చు కూడా.

ఇది లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు అని సర్వీసు సెంటర్‌లో అనొచ్చు. పదేళ్లు ఉంచుకోవాలనుకునే నువ్వు ఆ మాట వినకు. హైదరాబాద్ వాడకానికి పీటీయూ, వెనక డిఫరెన్షియల్ నూనెలు 40,000 నుంచి 50,000 కిలోమీటర్లకు ఒకసారి మార్పించు. నూనె గ్రేడు బండితో వచ్చే మాన్యువల్ పుస్తకంలో ఏది రాసుంటే అదే. చాలావాటికి జీఎల్-5 రకం 75డబ్ల్యూ-90 ఉంటుంది. కానీ మాన్యువల్ గేర్‌బాక్సుకు జీఎల్-4 చెప్పి ఉంటే అందులో జీఎల్-5 పోయనివ్వకు, గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రోలలో ఉండే ఇత్తడికి అది మంచిది కాదు.

మార్చేటప్పుడు పక్కనే నిలబడు. ముందు పైన ఉండే ఫిల్లర్ ప్లగ్ విప్పమను. అది కదిలాకే కింది డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోవాలి. తొందరపడి ముందు కిందది విప్పి నూనె వదిలేసి, తీరా పై ప్లగ్ తుప్పుపట్టి రాకపోతే బండి ర్యాంపు మీదే ఉండిపోతుంది. డ్రెయిన్ ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దాని కొసను వేలితో తుడిచి చూడు. మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుంటే సహజమైన అరుగుదలే. సూది ముక్కల్లాంటివో మెరిసే పలుకులో వేలికి గుచ్చుకుంటే గేరు పళ్లో బేరింగో దెబ్బతింటోందన్నమాట. బండి సమంగా ఉన్నప్పుడు ఫిల్లర్ రంధ్రం అంచు దాకా నూనె పోసి, పొంగి కారడం మొదలయ్యాక కొత్త రాగి వాషర్‌తో బిగించాలి. పాత వాషర్‌నే మళ్లీ వేస్తే కొన్నాళ్లకు అక్కడే చెమ్మ కనిపిస్తుంది.

కప్లింగ్ సంగతి వేరు. దానిలో ఉండేది క్లచ్ ప్లేట్ల నూనె, మామూలు గేరాయిల్ అందులో పోయకూడదు. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌లలో ఇంజను అడ్డంగా ఉన్న బండ్లకు, ఆడి క్యూ3కి వాడే హాల్డెక్స్ కప్లింగ్‌లో ముప్పావు లీటరుకు అటూ ఇటూ నూనె పడుతుంది. మూడేళ్లకోసారి మార్చాలి. ఐదో తరం హాల్డెక్స్‌లో విడిగా ఫిల్టర్ లేదు, పంపు మూతికి సన్నటి జల్లెడ ఉంటుంది. ప్లేట్ల పొడి దాన్ని మూసేస్తే పంపు మోటారు బలవంతంగా లాగి లాగి కాలిపోతుంది. మీటర్ మీద ఏ లైటూ వెలగకపోవచ్చు. బండి నిశ్శబ్దంగా ముందు చక్రాల బండిగా మారిపోతుంది, యజమానికి ఏళ్ల తరబడి తెలియదు. అందుకే నూనె మార్చిన ప్రతిసారీ పంపు విప్పి జల్లెడ కడిగించు. నూనె మాత్రమే మార్చి పంపిస్తే పని సగమే అయినట్టు. డస్టర్ లాంటి కొన్ని బండ్లలో కప్లింగ్ సీలు చేసి ఉంటుంది, అందులో మనం మార్చేది లేదు. వెనక డిఫరెన్షియల్ నూనె చూసుకుంటే చాలు.

ఇక టైర్లు. ఈ బండ్లను మన ఊళ్లో ఎక్కువగా పాడుచేసేది ఇదే. రెండు టైర్లు అరిగితే రెండే మార్చడం మనకు అలవాటు. 215/60 ఆర్17 సైజు లెక్క చూడు. కొత్త టైరు బటన్ (పైన గాళ్ల) లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు, సగం అరిగినది 4. అంటే వ్యాసార్ధంలో 4 మిల్లీమీటర్ల తేడా, చుట్టుకొలతలో 25. కిలోమీటరుకు కొత్త టైరు 461 చుట్లు తిరిగితే పాతది 466 దాటుతుంది. ఇక్కణ్నుంచి విజయవాడ వెళ్లేసరికి ముందు వెనక చక్రాల మధ్య 1,400 చుట్లకు పైగా తేడా వస్తుంది. కంప్యూటర్‌కు అది చక్రం జారినట్టే కనిపించి కప్లింగ్‌ను మాటిమాటికీ బిగించొచ్చు. ఎండిన రోడ్డు మీద ఆ తేడా పోవడానికి దారి లేక ప్లేట్లు రాసుకుని కాలతాయి, పీటీయూ గేర్ల మీద ఊరికే బరువు పడుతుంది. అదే తేడా ఒకే యాక్సిల్ మీద కుడి ఎడమల మధ్య ఉంటే డిఫరెన్షియల్‌లోని చిన్న గేర్లు తిన్నటి రోడ్డు మీద కూడా ఆగకుండా తిరుగుతూ అరుగుతాయి.

కాబట్టి నాలుగు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే సైజు ఉండాలి. బటన్ లోతులో తేడా రెండు మిల్లీమీటర్లు దాటకూడదు. లోతు కొలిచే గేజ్ చవకే, ఒకటి కొని డ్యాష్‌బోర్డు అరలో పడెయ్యి. ప్రతి 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు టైర్లు ముందుకూ వెనక్కీ మార్పించు. ఒక టైరు పక్కగోడ చిరిగితే, మిగతా మూడూ సగం అరిగి ఉంటే, నాలుగూ మార్చడమే అసలైన పొదుపు. సన్న స్టెప్నీ ఉన్న బండైతే దాని మీద రాసిన వేగం దాటకుండా పంక్చర్ షాపు దాకానే పో, దాంతో ఊళ్లు తిరగొద్దు.

గేర్‌బాక్సు విషయానికి వద్దాం. టార్క్ కన్వర్టర్ (నూనె ద్వారా తిప్పుడు అందించే) ఆటోమేటిక్ అయితే నాకు నమ్మకం ఎక్కువ. దానికీ నూనె మార్చాలి. గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్ఎఫ్ సంస్థే తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు నూనె మార్చమంటుంది. మన ట్రాఫిక్‌కు నేనైతే 60,000కే చెయ్యమంటా. డ్రెయిన్ చేస్తే సగం నూనే వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకని ఒకసారి మార్చి, వెయ్యి కిలోమీటర్లు తిరిగి, మళ్లీ ఒకసారి మార్చడం మంచి పద్ధతి. లెవెల్ చూడాల్సింది ఇంజను నడుస్తుండగా, నూనె మాన్యువల్‌లో చెప్పిన వేడిలో ఉన్నప్పుడు. చాలావాటికి అది 35 నుంచి 50 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ వేడి స్కానర్‌లో చూడాలి. చేత్తో ముట్టుకుని అంచనా వేసే మెకానిక్‌కు ఆ పని ఇవ్వకు.

తడి క్లచ్ డీఎస్‌జీ (నూనెలో తిరిగే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) అయితే ఆరు గేర్లదానికి 60,000కు నూనె, ఫిల్టర్ తప్పనిసరి. నడపడంలో కూడా జాగ్రత్త కావాలి. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర బండి అడుగు అడుగు పాకిస్తే ప్రతి అడుగుకూ క్లచ్ జారుతుంది, నూనె కాగుతుంది. ముందు బండి రెండు మూడు బండ్ల దూరం పోనిచ్చి అప్పుడు కదులు. ఫ్లైఓవర్ ఎక్కే చోట యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకు, బ్రేక్ తొక్కి ఉంచు.

డీజిల్ ఇంజను గురించి నిన్నే ఒకటి అడుగుతా. కొండాపూర్ నుంచి నీ ఆఫీసు ఆరేడు కిలోమీటర్లు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండ్లకు పొగ మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే లోపల 600 డిగ్రీల దాకా వేడెక్కాలి. దానికోసం ఇంజను అదనంగా డీజిల్ పోస్తుంది. నువ్వు మధ్యలో ఆఫీసు వచ్చిందని ఆపేస్తే మసి కాలదు. చాలా ఇంజన్లలో ఆ డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఇంజనాయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద నూనె తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే కారణం అదే. పలచబడిన నూనెతో ముందు టర్బో బేరింగులు, తర్వాత క్రాంక్ బేరింగులు దెబ్బతింటాయి. నిలిపి ఉన్నప్పుడు ఐడిలింగ్ మామూలు కన్నా ఎక్కువుండి, ఫ్యాను గట్టిగా తిరుగుతుంటే శుభ్రం జరుగుతోందని అర్థం. అప్పుడు ఆపకుండా ఇంకో పావుగంట నడుపు. వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డెక్కి అరగంట 80కి పైన ఒకే వేగంతో పోనివ్వు. అంత వీలు కాదంటే డీజిల్ వద్దు. టర్బో లేని పెట్రోలు ఇంజను, మాన్యువల్ గేర్‌బాక్సు ఉన్న గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్ నీ వాడకానికి సరిపోతుంది. పాడవ్వడానికి అందులో ఉన్న వస్తువులే తక్కువ.

డీజిలే తీసుకుంటే ఇంజనాయిల్ కంపెనీ ఎంత చెప్పినా 7,500 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు మార్చు. డీపీఎఫ్ ఉంటే బూడిద తక్కువ వదిలే సీ-గ్రేడు నూనే పొయ్యాలి. డస్టర్ 1.5 డీజిల్, కంపాస్ 2.0 డీజిల్ ఇంజన్లకు టైమింగ్ బెల్టు ఉంటుంది. మార్చిన బిల్లు అమ్మేవాళ్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క. కొన్న వారంలోనే టెన్షనర్, వాటర్ పంపుతో కలిపి వేయించు. రేడియేటర్‌లో మన బోరు నీళ్లు పోయనివ్వకు, సున్నం పేరుకుంటుంది.

వానాకాలం సంగతి విను. 2020 అక్టోబరు వరదల్లో ఊళ్లో ఎన్ని బండ్లు మునిగాయో నువ్వూ చూశావు. డిఫరెన్షియల్‌కు పైన గాలి పీల్చే చిన్న బ్రీదర్ ఉంటుంది. హైవే మీద కాగిన డిఫరెన్షియల్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి బ్రీదర్ నుంచో సీలు నుంచో నీళ్లు లోపలికి లాగుతుంది. చక్రం మధ్య దాకా నీళ్లలో నడిపితే ఆ వారంలోనే ఫిల్లర్ ప్లగ్ విప్పించి చూడు. నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే వెంటనే మార్పించు, కొంత తిరిగాక మళ్లీ మార్పించు. నాలుగు చక్రాలూ లాగుతాయి కదా అని అండర్‌పాస్ నీళ్లలో దిగొద్దు. గాలి పీల్చే గొట్టం లోంచి నీళ్లు ఇంజనులోకి వెళ్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లు, ముందుగా స్టార్ట్ చెయ్యొద్దని చెప్పు. బానెట్ మీద చెయ్యి వేసి చల్లగా ఉందో లేదో చూసుకుని నువ్వే స్టార్ట్ చెయ్యి. తర్వాత ఖాళీ పార్కింగ్ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, రెండు వైపులా, నడక వేగంతో గుండ్రంగా తిప్పు. బండి పట్టేసినట్టు ఎగిరెగిరి పడుతుంటే కప్లింగ్ వదలడం లేదు. డీ నుంచి ఆర్‌కు మార్చినప్పుడు కింద ఠక్కుమంటే షాఫ్టు జాయింటో మౌంటింగో అయ్యుంటుంది. 60 నుంచి 80 మధ్య కూనిరాగంలా వినిపించి, యాక్సిలరేటర్ వదలగానే మారిపోయే చప్పుడు డిఫరెన్షియల్‌ది. చక్రం బేరింగ్ చప్పుడైతే యాక్సిలరేటర్‌తో మారదు, స్టీరింగ్ అటూ ఇటూ ఊపితే మారుతుంది. ఆ తర్వాత ర్యాంపు ఎక్కించి పీటీయూ కింద టార్చి వేసి చూడు. అక్కడ మరీ కొత్తగా కడిగినట్టుంటే అనుమానించి, ఇరవై కిలోమీటర్లు తిప్పి మళ్లీ చూడు. స్కానర్ పెట్టించి ఆల్ వీల్ డ్రైవ్ మాడ్యూల్ విడిగా తెరిపించు. ఇంజను ఒక్కటి చూసి బాగుందనేవాళ్ల మాట సరిపోదు.

ఢిల్లీ నుంచి వచ్చిన డీజిల్ బండి చవగ్గా చూపిస్తే ఎన్ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ ఖర్చు కలిపి లెక్కేసుకో. పీటీయూ పాతది కావాలంటే రాణిగంజ్‌లో దొరకొచ్చు గానీ, గేర్ నిష్పత్తి సరిపోని ముక్క వేస్తే కప్లింగ్ నెలల్లో కాలుతుంది. పార్టు నంబరు అక్షరం అక్షరం సరిచూడందే డబ్బు ఇవ్వకు.

ఇంకొకటి. దారిలో బండి ఆగిపోతే, ముందు చక్రాలు ఎత్తి వెనకవి రోడ్డు మీద ఈడ్చే క్రేన్‌కు ఒప్పుకోవద్దు. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ వచ్చేదాకా ఆగు. ఇన్సూరెన్స్ వాళ్ల రోడ్‌సైడ్ నంబరుకు ఫోన్ చేసినప్పుడే ఇది ఆల్ వీల్ డ్రైవ్ అని చెప్పు, లేకపోతే మామూలు క్రేన్‌నే పంపిస్తారు.

బండి ఏదో ఖాయమయ్యాక దాని సర్వీసు బిల్లులు ఫోటోలు తీసి పంపు. నూనెల తేదీలు నేను చూస్తా.

మీ మామయ్య