సమాధానం: రెండు ద్రవ్యరాశుల మోడల్‌లో కంపనం ఆగిపోతోంది

ప్రతి స్వరతంత్రినీ స్ప్రింగులతో కట్టిన రెండు ద్రవ్యరాశులుగా (ఒకటి కింద, ఒకటి పైన) చూపే కంప్యూటర్ మోడల్ గురించి మీ రెండు ప్రశ్నలు: కంపనం నాలుగైదు ఆవర్తాల్లోనే ఎందుకు చచ్చిపోతోంది, ఒక స్వరతంత్రి పక్షవాతాన్ని ఎలా చూపాలి.

మొదటిది దాదాపు ఖాయంగా యూనిట్ల గొడవే. స్టైనెకె, హెర్జెల్ 1995 మోడల్ విలువలు గ్రాము, సెంటీమీటరు, మిల్లీసెకనులలో ఉంటాయి: కింది ద్రవ్యరాశి 0.125, పైది 0.025, స్ప్రింగులు 0.08, 0.008, వాటిని కలిపేది 0.025, డ్యాంపింగ్ (కంపనాన్ని తగ్గించే నిరోధం) 0.02. ఊపిరితిత్తుల పీడనం 0.008, అంటే సుమారు 8 సెం.మీ. నీటి మట్టం. అక్కడ మీరు నేరుగా 8 వేస్తే మొత్తం పాడవుతుంది, పాస్కల్స్‌లో 800 వేసినా అంతే. చిన్న పరీక్ష: 0.08ని 0.125తో భాగించి వర్గమూలం తీసి, 2πతో భాగిస్తే సుమారు 0.127 కిలోహెర్ట్జ్, అంటే 127 హెర్ట్జ్ రావాలి.

అయినా ఆగిపోతే పీడనం కోడ్ చూడండి. పీడనం కింది ద్రవ్యరాశి మీదే పనిచేయాలి. రెండు తంత్రుల మధ్య పై సందు కింది దానికంటే ఇరుకైనప్పుడు పీడనం పెరగాలి, కింది సందు ఇరుకైనప్పుడు సున్నా కావాలి. రెండు ద్రవ్యరాశులూ ఒకే ఫేజ్‌లో, అంటే ఒకేసారి ఒకే దిశలో, కదిలితే గాలి నుంచి శక్తి అందదు. తంత్రులు ఢీకొనే చోట సాల్వర్ (సమీకరణాలను అడుగడుగునా లెక్కించే ప్రోగ్రాం) దాటేయకుండా గరిష్ఠ అడుగు 0.05 మి.సె. పెట్టండి.

పక్షవాతానికి ఒకవైపు స్ప్రింగులను క్యూతో (రెండు తంత్రుల మధ్య తేడాను చూపే సంఖ్య) గుణించి, ద్రవ్యరాశులను క్యూతో భాగించండి. క్యూను 1 నుంచి 0.4 వైపు మెల్లగా దించుతూ, ప్రతిసారీ మొదటి 500 మి.సె. వదిలేసి స్పెక్ట్రం (ఏ పౌనఃపున్యాలు ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి. సగం పౌనఃపున్యం దగ్గర గీత కనిపిస్తే అది బొంగురు గొంతు జాడ. కానీ క్యూ ఒక్కటే చాలదు. చచ్చుబడిన తంత్రి మధ్యరేఖకు దూరంగా ఉంటుంది కాబట్టి విరామ వైశాల్యాన్ని (కదలనప్పుడు తంత్రుల మధ్య ఉండే సందు వైశాల్యం) 0.05 చదరపు సెం.మీ. నుంచి పెంచాలి. అప్పుడు కంపనానికి ఎక్కువ పీడనం కావాలి, రోగులు మాట్లాడుతూ త్వరగా అలసిపోవడానికి అదీ ఒక కారణం.