ప్యానెల్ ఎండలో, కెమెరా నీడలో

ప్రశ్న: మాది రామగుండం, పడమటి ముఖం ఇల్లు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తే ఇంట్లో మా అత్తయ్య ఒక్కరే ఉంటారు, అందుకని గేటు పిల్లర్ మీద సోలార్ ప్యానెల్‌తో వచ్చే వైర్‌లెస్ కెమెరా పెట్టించాం. మే మొదలైన దగ్గర్నుంచి మధ్యాహ్నం రెండింటికి ఆఫ్‌లైన్ అయిపోయి, చీకటి పడ్డాక దానంతట అదే వస్తోంది. ఒక్కోసారి మనిషి వచ్చినా అలర్ట్ రావడం లేదు. అట్టపెట్టె మీద 50 డిగ్రీల వరకు అని, ఐపీ66 అని ఉంది. ఇక్కడ 45, 46 కంటే ఎక్కువ లేదు కదా, మరి పీస్ చెడిపోయిందా? రోజూ ఆఫీసులో టెన్షన్‌గా ఉంటోంది.
- ఒక పాఠకురాలు, రామగుండం

జవాబు: చెడిపోయి ఉండకపోవచ్చు. సాయంత్రం దానంతట అదే లేస్తోందంటే, వేడి పెరిగినప్పుడు లోపలి భాగాలు పాడవకుండా అది ఆగిపోతోందనే అనుకోవాలి. కానీ ఇలాగే వదిలేస్తే మాత్రం ముందు పోయేది బ్యాటరీయే.

మీరు చెప్పిన 46 నీడలో కొలిచిన లెక్క. వాతావరణ శాఖ వాళ్లు తెల్లరంగు వేసిన చెక్క పెట్టెలో, గాలి ఆడేలా, ఎండ తగలకుండా థర్మామీటర్ పెట్టి చూస్తారు. మీ కెమెరా ఉన్నది పడమటి ఎండకు కాలిన సిమెంటు పిల్లర్ మీద. పైన ఎండ, వెనక పిల్లర్ సెగ, లోపల వైఫై చిప్ పుట్టించే వేడి, ఇవన్నీ కలిస్తే ఆ 50 ఎప్పుడో దాటిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, చిన్న ప్లాస్టిక్ డబ్బా ఎంత? ఇక ఐపీ66 అంటే దుమ్ము, నీళ్లు లోపలికి పోవని మాత్రమే, వేడికి దానికి సంబంధం లేదు. షాపులో ఈ ముక్క చెప్పరు, ఎంతోమంది ఇక్కడే మోసపోతున్నారు.

బ్యాటరీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇందులో ఉండేది లిథియం అయాన్. సాధారణంగా 45 డిగ్రీలు దాటాక దాన్ని చార్జ్ చేయకూడదు, అందుకే మంచి కెమెరాలు ఆ వేడిలో చార్జింగ్ ఆపేస్తాయి. పైగా ఫుల్ చార్జ్‌తో వేడిలో ఉన్న బ్యాటరీ అన్నిటికంటే త్వరగా అరుగుతుంది, సోలార్ ప్యానెల్ దాన్ని ఎప్పుడూ ఫుల్‌గానే ఉంచుతుంది.

కాబట్టి రెంటినీ విడదీయండి. ప్యానెల్ పిల్లర్ మీదే ఉండనివ్వండి, దానికి ఎండ కావాలి. కెమెరాను మాత్రం సజ్జ కిందికో, పోర్టికో లోపలికో మార్చండి, కేబుల్ చాలకపోతే అదే కంపెనీ ఎక్స్‌టెన్షన్ తెచ్చుకోండి. మీది పడమటి ముఖం కనుక సజ్జ ఉన్నా సాయంత్రపు ఏటవాలు ఎండ కిందికి దూరుతుంది. ఒక ఆదివారం నాలుగు గంటలకు బయట నిలబడి నీడ ఎక్కడ ఉందో చూసి, గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని అక్కడే బిగించండి. గేటును నేరుగా కాకుండా పక్కనుంచి చూసేలా తిప్పితే, పొద్దుగూకే సూర్యుడు లెన్స్‌లో పడి బొమ్మ తెల్లబోవడం కూడా తగ్గుతుంది. ఇనుప గేటుకు, రేకుకు ఆనించవద్దు. ఎండ తగలకుండా ప్లాస్టిక్ కవర్ చుట్టే వాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, లోపలి వేడి బయటికి పోదు.

అలర్ట్ రాకపోవడానికీ వేడి కారణం కావచ్చు. బ్యాటరీ కెమెరాల్లో చాలావాటికి పీఐఆర్ అనే సెన్సర్ ఉంటుంది, అది మనిషి ఒంటి వేడికి, వెనకున్న గోడకో నేలకో ఉన్న వేడికి మధ్య తేడాను పట్టుకుంటుంది. మే నెలలో ఆ రెండూ దాదాపు ఒకటైపోతే ఎదురుగా మనిషి నడిచినా దానికి తెలియదు. సెట్టింగ్స్‌లో సెన్సిటివిటీ పెంచి చూడండి, కొంత నయం.

అత్తయ్యగారు ఒంటరిగా ఉంటారని రాశారు కనుక నా మాట ఇది: గేటుకు బ్యాటరీ లేని, అడాప్టర్‌తో నడిచే వైఫై కెమెరా వేయించండి. అది ఆగకుండా రికార్డు చేస్తుంది, బొమ్మను చూసే మనిషిని గుర్తుపడుతుంది. 60 డిగ్రీల వరకు తట్టుకునే మోడల్స్ దొరుకుతాయి, తెల్లరంగుదే తీసుకోండి. అడాప్టర్ ఇంట్లోనే ఉండాలి. కరెంటు పోతే కెమెరా, రౌటర్ రెండూ నడిచేలా ఇన్వర్టర్ లైనులో కలపండి. పాత కెమెరాను పెరటి వైపు నీడలో వాడుకోవచ్చు, కానీ బ్యాటరీ ఉబ్బినట్టు, మూత పట్టనట్టు కనిపిస్తే ఆ క్షణమే వాడటం మానేయండి. దాన్ని గుచ్చవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉంటాడు. జనవరిలో మైనస్ 25 ఉన్నప్పుడు వాకిట్లో సోలార్ కెమెరా నాలుగు రోజులకే ఆగిపోయిందట. ఎండ కాస్తున్నా చార్జ్ ఎందుకు ఎక్కదు?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎండ ఉన్నా బ్యాటరీ గడ్డకట్టే చలిలో ఉంది కదండీ. సున్నా కంటే కింద లిథియం అయాన్ బ్యాటరీని చార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది, అందుకే కెమెరాయే చార్జింగ్ వద్దంటుంది. వాడకం మాత్రం ఆగదు, ఆ చలిలో బ్యాటరీ ఇచ్చేదీ తగ్గిపోతుంది. పైగా చాలా మోడల్స్‌కు మైనస్ 20 వరకే హామీ. బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చి, కొన్ని గంటలు గది వేడికి వచ్చాక, పైన పట్టిన తడి ఆరాక చార్జ్ చేయమనండి. ఇంకొకటి కొని మార్చుకుంటూ ఉంటే చలికాలం గడుస్తుంది. రీచార్జ్ కాని లిథియం ఏఏ సెల్స్‌తో నడిచే కెమెరాలూ ఉన్నాయి, ఆ సెల్స్ మైనస్ 40 దాకా పనిచేస్తాయి. మామూలు ఆల్కలైన్ సెల్స్ వేస్తే మాత్రం ఆ చలికి నిలవవు.