బావగారి కారు చేతికి వచ్చిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్నగారి మారుతి 800 మళ్లీ మొరాయించిందనీ, బ్యాటరీతో పాటు సెల్ఫ్ మోటారు కూడా మార్చాలని మెకానిక్ అన్నాడనీ అక్క ఫోనులో చెప్పింది. రెండూ ఇప్పుడే కొనకు. 1996లో బావగారు ఆ కారు ఇంటికి తెచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టింది నేనే. విశాఖ ఉప్పు గాలిలో ఇరవై ఏళ్లకు పైగా నిలబడి, ఇప్పుడు హైదరాబాద్‌లో నీ చేతికి వచ్చింది. ముప్పై అయిదేళ్లు బళ్ల వైరింగ్ పని చేసినవాడిగా చెబుతున్నాను. పాత కారులో వస్తువు పాడవడం తక్కువ. ఆ వస్తువుకు కరెంటు వెళ్లే దారి, తిరిగి వచ్చే దారి పాడవడమే ఎక్కువ.

బానెట్ ఎత్తే ముందు ఉంగరం, వాచీ తీసి జేబులో పెట్టుకో. నా ఎడమ చేతి ఉంగరపు వేలి చుట్టూ ఉన్న మచ్చ నువ్వు చిన్నప్పుడు చూసి అడిగేవాడివి. బ్యాటరీ ప్లస్ బోల్టు విప్పుతుంటే స్పానర్‌కూ బాడీకీ మధ్య ఉంగరం ఇరుక్కుంది. రెప్పపాటులో ఎర్రగా కాలింది. 12 వోల్టులు షాకు కొట్టవు, కానీ బ్యాటరీ ఒక్కసారిగా వందల ఆంపియర్లు వదులుతుంది. అందుకే విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. మైనస్ తీసేశాక స్పానర్ బాడీకి తగిలినా నిప్పు లేవదు.

ఒక మల్టీమీటర్ కొనుక్కో, కొన్ని వందల రూపాయలే. రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే దాదాపు సగం. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఇంజను తిరుగుతున్నా అంకె పెరగకపోతే డైనమో (ఆల్టర్నేటర్) చార్జి చేయడం లేదు. ముందు బెల్టు బిగువు చూడు, తర్వాత బ్రష్షుల అరుగుదల. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదీ పడిపోతుంది.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకునే చిలుము సంగతి నీకు తెలుసు. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో కడుగు, బ్యాటరీ మూతల్లోకి ఒక్క చుక్క కూడా పోకూడదు. లోపలి వైపు ఉప్పుకాగితంతో మెరిసేలా రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయి.

ఇక ఎర్త్. దీని గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్లస్ నుంచి బయలుదేరిన కరెంటు పని చేసి, ఇంజను ఇనుము మీదుగా, బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కు చేరాలి. ఆ దారిలో ఎర్త్ వైర్లూ, జడలా అల్లిన పట్టీలూ ఉంటాయి. వాటి బోల్టుల కింద తుప్పు పడితే సెల్ఫ్ ‘టక్ టక్’మంటుంది తప్ప తిరగదు. ఒకసారి ఒక టాక్సీ అంబాసిడర్ నా దగ్గరకు తోసుకుంటూ వచ్చింది. అప్పటికే రెండు బ్యాటరీలు, ఒక సెల్ఫ్ మార్చారు. ఆ డ్రైవరు అప్పు చేసి కొన్నాడు. బండికి కొత్తగా రంగు వేసినప్పుడు ఎర్త్ బోల్టు కింద కూడా రంగు పడింది, అంతే. గీకి బిగించాను. అతని ముఖం నాకింకా గుర్తుంది.

పరీక్ష ఇలా చేయి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేయి. మీటరును 20 వోల్టుల డీసీకి తిప్పు. నల్ల మొన బ్యాటరీ మైనస్ సీసపు దిమ్మె మీదే ఆనించు, క్లాంపు మీద కాదు. ఎర్ర మొన ఇంజను మీద రంగు లేని చోట ఆనించి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను. 0.2 వోల్టుల లోపు ఉంటే దారి బాగుంది. అర వోల్టు దాటితే సెల్ఫ్‌కు చేరాల్సిన బలం ఎర్త్‌లోనే ఖర్చవుతోంది. ప్లస్ వైపు తీగను కూడా ఇలాగే, ప్లస్ దిమ్మెకూ సెల్ఫ్ పెద్ద బోల్టుకూ మధ్య చూడు.

బ్రేకు నొక్కితే వెనక ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతోందని అక్క అంది. అదీ ఎర్త్ లోపంలాగే ఉంది. తన దారి మూసుకుపోతే కరెంటు పక్క బల్బు గుండా వెళ్తుంది. లైటు విప్పి, హోల్డరు ఎర్త్ వైరు ఎక్కడ స్క్రూకు తగులుతుందో అక్కడ గీకు.

బండి మూడు రోజులు ఆగితే బ్యాటరీ దిగిపోతోందంటే ఏదో నిద్రపోకుండా కరెంటు తాగుతోంది. అర ఆంపియరు కారుతున్నా 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 70 గంటల్లో ఖాళీ. నాకు బావగారు పెట్టించిన పాటల సెట్టు మీదే అనుమానం. తలుపులు మూసి, తాళంచెవి బయటకు తీసి, మైనస్ తీగ విప్పి, ఆ తీగకూ దిమ్మెకూ మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో కలుపు. 50 మిల్లీఆంపియర్లు మించితే ఒక్కో ఫ్యూజు తీస్తూ చూడు. మీటరు అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకు.

ఫ్యూజు రెండోసారి పోతే పెద్ద ఫ్యూజు వేయకు, సిగరెట్ పెట్టె రేకు అసలే చుట్టకు. ఫ్యూజు కాలకపోతే వైరు కాలుతుంది. హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయని 100/90 వాట్ల (హైబీమ్‌కు 100, లోబీమ్‌కు 90) బల్బులు కూడా వద్దు. 60/55 బల్బులు రెండూ కలిసి హైబీమ్‌లో సుమారు 10 ఆంపియర్లు లాగుతాయి, 100/90 అయితే 16 దాటుతాయి. పాత స్విచ్చి కరుగుతుంది. ఉన్న బల్బులకే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) పెట్టించి, బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసిన లావు వైరు లాగిస్తే రోడ్డు తెల్లగా కనిపిస్తుంది. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు ఎక్కడ కనిపించినా టంకం వేయించు. మన ఎండలకు టేపు జిగురు కారిపోతుంది.

ఆదివారం పొద్దున్న బండి స్టార్టు చేయకముందే బ్యాటరీ వోల్టులు చూడు. తర్వాత సెల్ఫ్ తిరిగేటప్పుడు ఎర్త్ దగ్గర, ఇంజను నడిచేటప్పుడు మళ్లీ బ్యాటరీ దగ్గర చూసి, మూడు అంకెలూ కాగితం మీద రాసి ఫోను చేయి. పది గంటలకు నేను ఇంట్లోనే ఉంటాను.

మీ మామయ్య