అనంతపురం టవర్ క్లాక్‌లో 15-8-47 దాగి ఉందంటారు, ఎక్కడ?

కొలతల్లో ఉంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన గుర్తుగా కట్టిన ఈ గడియార స్తంభం వెడల్పు 15 అడుగులు, అది తేదీ. ముఖాలు ఎనిమిది, అంటే ఆగస్టు. ఎత్తు 47 అడుగులు, అది సంవత్సరం. ఇంత చక్కగా తేదీని కట్టడంలోనే ఇమిడ్చిన ఆలోచనకు దణ్ణం పెట్టాలి. ఎత్తు, వెడల్పు కింద నిలబడితే కంటి అంచనాకు అందవు గానీ, చుట్టూ ఒక్కసారి తిరిగితే ఎనిమిది ముఖాలూ లెక్కపెట్టుకోవచ్చు. పిల్లలకు చూపించేటప్పుడు అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. ఒక జాగ్రత్త: మీటర్లలోకి మారిస్తే 4.57, 14.33 అవుతాయి, తేదీ మాయమైపోతుంది. అందుకే ఎక్కడ రాసినా అడుగుల్లోనే రాయాలి.

ఊళ్లో దారి అడిగేటప్పుడు 'గడియార స్తంభం' అనక్కర్లేదు, 'టవర్ క్లాక్' అంటే చాలు. ధర్నాలకూ ర్యాలీలకూ జనం చేరేది కూడా ఇక్కడే.