పాత బస్సు ఇంటికి బేరం కుదరాలంటే

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటాం. మా 1956 నాటి జీఎంసీ పీడీ-4104 బస్సును మోటార్‌హోమ్‌గా మార్పించాం. అమ్మకానికి పెడితే వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోతున్నారు. లోపం ఎక్కడ?

జవాబు: ముందు బండి యాజమాన్య పత్రం, అంటే టైటిల్ తీసి చూడండి. అందులో ఇంకా 'బస్' అనే ఉంటే బీమా దొరకడం కష్టం. 'మోటార్‌హోమ్'గా మార్పించాకే ప్రకటన ఇవ్వండి.

తర్వాత బస్సును మోసే గాలి సస్పెన్షన్ సంగతి. గేజీలో గాలి ఒత్తిడి పూర్తిగా ఎక్కాక ఇంజన్ ఆపి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఒక మూల బాగా కుంగితే అక్కడి ఎయిర్ బెలోస్ (గాలి నింపే రబ్బరు తిత్తి)గానీ, ఎత్తు సరిచేసే లెవలింగ్ వాల్వ్‌గానీ, గొట్టం జాయింటుగానీ లీకవుతున్నట్టు. సబ్బునీళ్లు పూస్తే బుడగలు కనిపిస్తాయి. టైర్లూ చూడండి: పక్కగోడ మీదున్న డాట్ కోడ్ చివరి అంకెలు తయారీ తేదీ చెబుతాయి; 2315 అంటే 2015లో 23వ వారం. అరగకపోయినా పదేళ్లు దాటిన టైరుకు ఎవరూ విలువ కట్టరు.

ఈ బస్సులోని 6-71 టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజన్‌కు సింగిల్ గ్రేడ్ 40 (ఒకే చిక్కదనం గ్రేడు) ఇంజన్ నూనె వాడిన రసీదులు చూపించండి. 15W-40 లాంటి మల్టీగ్రేడ్ పోశారంటే తెలిసినవాడు వెనక్కి తగ్గుతాడు. మనిషి వచ్చేముందు ఇంజన్ వేడెక్కించకండి, చల్లగా ఉంటే స్టార్టవదేమోనని అనుమానపడతారు. గేరు మార్చినప్పుడల్లా క్లచ్ రెండుసార్లు తొక్కాలని (డబుల్ క్లచ్) ముందే చెప్పండి. వంటగదికి పోసిన డబ్బు మాత్రం తిరిగి రాదు.

కొనేవాళ్లు క్యాషియర్స్ చెక్ (బ్యాంకే తన పేర రాసే చెక్కు) ఇస్తే, దాన్ని జారీ చేసిన బ్యాంకులోనే సరిచూసుకున్నాక టైటిల్ మీద సంతకం చేయండి. నంబర్ ప్లేట్లు విప్పేసుకుని, 30 రోజుల్లోగా రాష్ట్ర డీఎంవీకి (మోటారు వాహనాల శాఖకు) బదిలీ సమాచారం పంపండి.