మేలోనే మేడ మీద నారు

ప్రశ్న: తొలకరికల్లా వంగ, మిరప నారు అందాలని మేలోనే మేడ మీద గింజలు వేద్దామనుకుంటున్నానండీ. ఆఫీసు నుంచి వచ్చేసరికి మట్టి ఎండిపోతుందని టెన్షన్. కూల్‌డ్రింక్ సీసాలతో వాటంతటవే నీళ్లు పీల్చుకునే కుండీలు చేసుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తప్పకుండా చేసుకోండమ్మా. 2 లీటర్ల సీసాని మధ్యకి కోసి, మూతకి బెజ్జం పెట్టి, పాత కాటన్ బనియను పేలికని వత్తిలా దూర్చి, పై సగాన్ని తలకిందులుగా కింది సగంలో కూర్చోబెడితే చాలు, కింద పోసిన నీళ్లని ఆ వత్తే పైకి లాగుతుంది. తోటమట్టి వద్దు, గట్టిపడుతుంది. కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి నింపండి. మొదటిసారి మాత్రం పైనుంచే బాగా తడపాలి, ఎండుపొట్టులోకి తడి సరిగా ఎక్కదు. గింజలు అరసెంటీమీటరు లోతు చాలు.

మొలకలు షేడ్‌నెట్ కింద, మధ్యాహ్నపు ఎండ తగలని చోట ఉండాలి. కింది సగానికి ముదురు కాగితం చుడితే పాచి పట్టదు.

ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ చేయకండి. నిలవ నీళ్లలో డెంగీ దోమ పెరుగుతుంది, అందుకే సందుల్లో గుడ్డ కుక్కి, వారం తిరక్కుండా నీళ్లు పారబోసి లోపల రుద్ది కడగండి.

బెండ, బీరకి ఇదంతా అక్కర్లేదు, నేరుగా పెద్ద కుండీలోనే విత్తేయండి.